యాజులుగారి పుస్తకాల మేళం

మా యాజులుగారికి కొత్త పుస్తకం వచ్చిందంటే సన్నాయి మేళం పెట్టించాల్సిందే. మీరు సరిగ్గానే చదివారు. పెళ్ళికి కాదు, ఒడుగుకి కాదు, పుస్తకానికి. విజయవాడ నుంచి రైల్లో నర్సీపట్నం రోడ్డు స్టేషనుకీ, అక్కణ్ణించి బస్సు టాపు మీద ఊళ్ళోకీ కొత్త పుస్తకాల కట్ట వచ్చిందంటే, దాన్ని విప్పే రోజున ఆయన షాపు ముందు డోలూ సన్నాయీ మోగి తీరాలి. ఆ షాపు పేరు లంబోదర బుక్ డిపో. దాని మేడ మీద గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన దౌర్భాగ్యుణ్ణి నేను, భానుమూర్తిని. కాబట్టి ఈ విషయంలో నాకన్నా మంచి సాక్షి మీకు దొరకడు.

డెబ్బై ఆరులో ఇన్‌స్టిట్యూట్ పెట్టిన కొత్తల్లో ఒక పొద్దున్న ఎనిమిది మంది లోయరు పరీక్షకి స్పీడు ప్రాక్టీసు చేస్తున్నారు. కింద డోలు దెబ్బ పడింది. అంతే, ఎనిమిది మిషన్లూ ఆ దరువు పట్టుకున్నాయి. సన్నాయి సాగదీస్తే వీళ్ళ వేళ్ళూ సాగుతున్నాయి, డోలు జోరందుకుంటే వీళ్ళూ జోరందుకుంటున్నారు. ఒకమ్మాయి "డియర్ సర్" అని మొదలుపెట్టి ఆ ఊపులో పదకొండు సార్లు "సర్" కొట్టేసింది. నాకు ఒళ్ళు మండి కిందికి దిగాను. షాపు గుమ్మానికి మామిడాకులు, అరుగు మీద చాప, చాప మీద పసుపు రాసిన గోనె కట్ట, దాని పక్కన పట్టు పంచె కట్టుకుని యాజులుగారు.

"ఎవరి పెళ్ళండీ?" అన్నాను.

"కోళ్ళ జబ్బులు, నివారణ" అన్నారాయన.

నేను రెండోసారి అడిగాను. ఆయన రెండోసారీ అదే చెప్పి, అక్షింతలు నా చేతిలో పోశారు. ఏం చేయను, వేశాను. కోళ్ళ జబ్బుల మీద అక్షింతలు వేసిన టైపు మేస్టారు ఆంధ్రదేశం మొత్తం మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఆ తరవాత ఈ సంబరాలకి శుభలేఖలు టైపు చేసే భాగ్యం కూడా నాకే పట్టింది. మధ్యలో నాలుగు కార్బన్లు పెట్టి కొట్టేవాణ్ణి. "మా షాపునకు విచ్చేసిన చిరంజీవి భూమి కొలతల పట్టికలు యొక్క కట్ట విప్పు మహోత్సవమునకు తాము సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి" అంటూ ఆయన చెబుతూంటే, పట్టికలు చిరంజీవా, చిరంజీవి సౌభాగ్యవతా అని నేను అడిగేవాణ్ణి. ఆయన గంభీరంగా ఆలోచించి, నవలలైతే అమ్మాయిలు, శాస్త్ర గ్రంథాలైతే అబ్బాయిలు అని తేల్చారు. వంటల పుస్తకం దగ్గర మాత్రం ఎటూ తేలక రెండూ కొట్టమన్నారు.

ఊరివాళ్ళకి ఇది మొదట వింత, తరవాత వేళాకోళం, ఆ తరవాత అలవాటు. బయటి ఊళ్ళవాళ్ళతోనే చిక్కు. రావికమతం నుంచి సంతకి వచ్చిన ఒక కుటుంబం మేళం చూసి లోపలికొచ్చి, తీరిగ్గా కూర్చుని, భోజనాలు ఏ పక్కనో అడిగింది. యాజులుగారి భార్య వెంకటరత్నమ్మగారు వాళ్ళకి లేదనలేక ఇంట్లోకి తీసుకెళ్ళి పెట్టేశారు. ఇంకోసారి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరుగారు సరిగ్గా మేళం మోగే వేళకి బస్సు దిగి, అది తనకే అనుకుని చేతులు జోడించి మెడ వంచారు. దండ కట్ట కోసం తెచ్చింది. యాజులుగారు ఒక్క క్షణం తటపటాయించి దండ ఆయన మెళ్ళోనే వేసేశారు. ఈ ఊరివాళ్ళంత మర్యాదస్తులు ఎక్కడా లేరని ఆ ఆఫీసరుగారు తిరిగి బదిలీ అయ్యేదాకా చెప్పుకున్నారు.

వెంకటరత్నమ్మగారి బాధ వేరు. ఆవిడ పసుపు కుంకుమల పళ్ళెం తెచ్చి చాప దగ్గర పెట్టినప్పుడల్లా, పక్కన ఎవరుంటే వాళ్ళకి ఒకే మాట చెప్పేవారు.

"మా పెళ్ళికి అరపూటే మేళం పెట్టారమ్మా. ఈ కోళ్ళ జబ్బులకి పూర్తి పూట."

ఆ పూటకి వచ్చిన పుస్తకాన్ని బట్టి జబ్బులు మారేవి గానీ అరపూట మాత్రం మారలేదు. ఎనిమిదేళ్ళలో ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో నాకే తెలీదు. యాజులుగారు వినీ విననట్టు కట్ట మీద అక్షింతలు సర్దుకునేవారు.

స్కూలు పుస్తకాలకి మాత్రం మేళం లేదు. అవి ప్రభుత్వోద్యోగులు, వాటికి జాయినింగ్ రిపోర్టు చాలు అనేవారు. జూన్‌లో పిల్లలకి వాచకాలు, నోటుబుక్కులు చకచకా అమ్మేసేవారు. కథలూ నవలలూ విజ్ఞాన గ్రంథాలూ, వీటికే ఈ వైభోగం.

సరే, పిచ్చి అనుకుందాం. మేళం పెట్టుకుంటే పెట్టుకున్నారు, కనీసం కట్ట వచ్చిన రోజున విప్పొచ్చు కదా. విప్పరు. వైశాఖంలో వచ్చిన కట్ట వైశాఖంలో విప్పరు. మాఘంలో వచ్చినది మాఘంలో విప్పరు. గొప్ప గొప్ప ముహూర్తాలన్నీ వదిలేసి, పెళ్ళి మాట ఎత్తకూడని ఆషాఢంలో విప్పుతారు. లేకపోతే భాద్రపదంలో, లేకపోతే పుష్యంలో. గురు మూఢమో శుక్ర మూఢమో వచ్చిందా, ఆయనకి ఇక పండగే. వైదికుల ఇంట పుట్టి పంచాంగం పూర్తిగా తెలిసిన మనిషి, పంచాంగం వద్దన్న రోజు చూసి మరీ పసుపు రాస్తారు. పురోహితుడుగారు ఒకసారి వచ్చి మందలించబోతే, పుస్తకాలకి గ్రహబాధ లేదండీ, వాటికి చెదలబాధే అని పంపించేశారు.

దీనివల్ల ఊళ్ళో చదువరుల ప్రాణం పోయేది. హైస్కూలు టీచరమ్మ ఒకావిడ, వారపత్రికలో సీరియల్‌గా చదివిన నవల పుస్తకంగా వచ్చిందని తెలిసి పరిగెత్తుకొచ్చింది. కట్ట చిరుగులోంచి అట్ట కనిపిస్తోంది. ముట్టుకోకూడదు. వచ్చింది జ్యేష్ఠ శుద్ధ పాడ్యమికి. ఆవిడ రోజూ స్కూలు నుంచి ఇంటికి వెళ్తూ ఆగి ఆ చిరుగులోంచి బొమ్మ చూసుకుని వెళ్ళేది. ఆఖరి వారంలో చిరుగు కొంచెం పెద్దదైంది. ఎలా అయిందని యాజులుగారు ఎవర్నీ అడగలేదు. ఆషాఢ పాడ్యమి నాడు మేళం మోగి తాడు తెగేసరికి ఆవిడ, ఆవిడ వెనక ఇంకో పాతికమంది, తొక్కిసలాడుకుంటూ ఎగబడ్డారు. మధ్యాహ్నానికి కట్ట ఖాళీ. ఆ ఉత్సాహం చూస్తే నాకే నవల కొనాలనిపించి ఒకటి కొన్నాను. అది మొదలు, సన్నాయిని తిట్టుకుంటూనే ప్రతి ఆషాఢానికీ ఒక పుస్తకం కొంటూ వచ్చాను.

మేళం ఎప్పుడూ బాలన్నదే. బాలన్న సన్నాయి, అతని తమ్ముడు సింగన్న డోలు. బాలన్న యాభై ఏళ్ళ సన్నటి మనిషి, మాట తక్కువ. కోళ్ళ జబ్బులకైనా కల్యాణానికి వాయించినట్టే కళ్ళు మూసుకుని వాయించేవాడు.

ఇక అసలు కథ. ఎనభై నాలుగు ఫిబ్రవరిలో విశాఖపట్నంలో పుస్తక విక్రేతల సమావేశం జరిగింది. ఉత్తరాల వ్యవహారమంతా నా చేతి మీదుగా నడిచేది కాబట్టి యాజులుగారు నన్నూ తీసుకెళ్ళారు. ఆ హాల్లో అడుగు పెట్టాక ఆయన్ని పట్టుకోవడం నా వల్ల కాలేదు. గోడల పొడుగునా బల్లలు, బల్లల నిండా ఇంకా బజారు మొహం చూడని పుస్తకాలు, కొత్త సిరా వాసన. అరవై రెండేళ్ళ మనిషి తీర్థంలో తప్పిపోయిన పిల్లాడిలా బల్ల నుంచి బల్లకి తిరుగుతున్నారు. ఒక అట్ట నిమురుతారు, వెన్ను వాసన చూస్తారు, "భానూ, దీని కుట్టు చూశావుటోయ్" అంటారు, నేను చూసేలోపు ఇంకో బల్ల దగ్గరుంటారు. కేటలాగులన్నీ చంకలో పెట్టుకుని భోజనం మర్చిపోయారు.

మధ్యాహ్నం ఒక్కొక్క షాపువాళ్ళనీ లేపి, మీ ఊళ్ళో కొత్త పుస్తకాన్ని జనానికి ఎలా పరిచయం చేస్తారో చెప్పమన్నారు. ఒకాయన కరపత్రాలు పంచుతానన్నాడు. ఒకాయన సినిమాహాల్లో స్లయిడు వేయిస్తానన్నాడు. అనకాపల్లి నుంచి వచ్చిన ఒక పెద్ద షాపాయన గాజు షోకేసు గురించి పావుగంట మాట్లాడాడు. యాజులుగారి వంతు వచ్చింది. ఆయన లేచి, "సన్నాయి మేళం పెట్టిస్తానండీ" అని కూర్చున్నారు.

హాలు హాలంతా నవ్వింది. షోకేసు ఆయనైతే కుర్చీలోంచి జారబోయాడు. నేను తల వంచుకుని కేటలాగు చదువుతున్నట్టు నటించాను. కానీ వేదిక మీద ఒకావిడ నవ్వలేదు. ఆవిడ నవలా రచయిత్రి కనకమహాలక్ష్మిగారు. ఆవిడ సీరియల్ వచ్చే రోజున ఆడవాళ్ళు వారపత్రిక కోసం బస్టాండులో కాపలా కాసే కాలం అది. ఆవిడ మైకు దగ్గరికొచ్చి, తను ఇరవై రెండు నవలలు రాశాననీ, ఇరవై రెండూ విడుదలైంది ఫ్యాన్ల కింద ఉపన్యాసాలతోననీ, మేళంతో ఏ పుస్తకానికీ ఎవరూ స్వాగతం చెప్పలేదనీ అంది. పక్కనే ఉన్న తన పబ్లిషరు రామనాథంగారి వైపు తిరిగింది.

"ఇరవై మూడోది నర్సీపట్నంలో, వీరి షాపులో విడుదల చేద్దామండీ. మేళంతో."

యాజులుగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఇది ఆయన జీవితకాలపు కోరిక అని నాకు తెలుసు. ఏ పుస్తకమైనా ముందు విజయవాడ చూసి, రాజమండ్రి చూసి, విశాఖ చూసి, నలిగి నర్సీపట్నం వస్తుంది. ఒక్కసారి, ఒక్క పుస్తకం, ముందు మా ఊళ్ళో కళ్ళు తెరవాలని ఆయన ఎన్నోసార్లు అన్నారు. తిరుగు బస్సులో ఆయన కూర్చోలేదు. సీటున్నా నిలబడే వచ్చారు.

వారానికి రామనాథంగారి ఉత్తరం వచ్చింది. వేసవి సెలవుల్లో, మే నెల ఇరవయ్యో తేదీ ఆదివారం సాయంత్రం నాలుగింటికి విడుదల. యాజులుగారు ఆ తారీఖు చూసి, పంచాంగం తీసి, మొహం వేలాడేశారు. ఆ రోజు మంచి ముహూర్తం.

"ఆషాఢానికి మార్చమని రాయవోయ్" అన్నారు.

రాశాను. వాళ్ళు కుదరదన్నారు. ఆషాఢంలో గాలి తేమగా ఉండి కాగితానికి మంచిదని రాయించారు. రాశాను. వాళ్ళు కుదరదన్నారు. ఎండకి రచయిత్రిగారి ఆరోగ్యం చెడుతుందని రాయించారు. ఆవిడే స్వయంగా జవాబు రాసింది, తనది రాయలసీమ, ఎండ తనకి కొత్త కాదని. మూడో ఉత్తరానికి రామనాథంగారికి విసుగొచ్చింది. మీకు ఇష్టం లేకపోతే అనకాపల్లి వారు గాజు షోకేసుతో సిద్ధంగా ఉన్నారు, వారంలోగా అవునో కాదో తెలపండి అని రాశారు.

"కాదని రాసెయ్" అన్నారు యాజులుగారు.

నేను మేడ మీదికెళ్ళి మిషను ముందు కూర్చున్నాను. నాకు పట్టరాని కోపం వచ్చింది. జన్మంతా ఎదురుచూసిన అదృష్టం గుమ్మం దాకా వస్తే, ఆషాఢం లేదని గెంటేసే మనిషి ఉంటాడా? నా వేళ్ళు నా మాట వినలేదు. కాదు అని కొట్టాల్సిన చోట "తమ తారీఖు మాకు శిరోధార్యము" అని కొట్టాయి. అట్ట లేని కాగితం చదవడం ఆయనకి అలవాటు లేదు. తల ఎత్తకుండా సంతకం పెట్టారు. నేనే తీసుకెళ్ళి పోస్టులో వేశాను.

పదో రోజున జవాబు వచ్చింది. అంగీకరించినందుకు కృతజ్ఞతలు, మేళం మాత్రం మరిచిపోవద్దని రచయిత్రిగారు మరీ మరీ చెప్పారు అని. యాజులుగారు ఉత్తరం రెండుసార్లు చదివి నా వైపు చూశారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"సరేలే, నీ మంచికొద్దీ చేశావు" అన్నారు. "కానీ భానూ, ఆ రోజు మేళం దొరకదోయ్."

నిజమే. ఆ ఆదివారం జిల్లా మొత్తం మీద ఖాళీగా ఉన్న సన్నాయి లేదు. చోడవరం, ఎలమంచిలి, తుని, అన్నిచోట్లా అడిగాను. ఒక ఊళ్ళో అయితే సన్నాయి నేర్చుకుంటున్న వాణ్ణి కూడా బుక్ చేసేశారు. బాలన్న కోటవురట్లలో ఒక చెరుకు రైతుల ఇంటి పెళ్ళికి ఒప్పుకున్నాడు. బాలన్నని అడుగుదాం, మీ మాట కాదనడు కదా అన్నాను. యాజులుగారికి నేను ఎన్నడూ చూడనంత కోపం వచ్చింది.

"వాడికి ఏడాది మొత్తం మీద పని దొరికేది ఈ నాలుగు రోజులే. అందులో ఒకటి నా సరదాకి లాక్కోమంటావా? నోరెత్తావంటే ఊరుకోను. మేళం లేదని ఆవిడకి నేనే చెప్పుకుంటాను."

ఆదివారం వచ్చింది. పొద్దున్నే షాపుకి మామిడాకులు కట్టారు, కట్టకి పసుపు రాశారు, చాప వేశారు. అన్నీ ఉన్నాయి, అరుగు మీద బాలన్న కూర్చునే చోటు ఖాళీగా ఉంది. యాజులుగారు అటు చూడకుండా తిరుగుతున్నారు. చేసిందంతా నేనే కదా. ఊరుకోనని ఆయన అన్నారు గానీ, నేను ఊరుకోలేకపోయాను. ఎనిమిదింటి బస్సెక్కి కోటవురట్ల వెళ్ళిపోయాను.

పెళ్ళిపందిట్లో తాళి కట్టాక బాలన్న పక్కకొచ్చి తమలపాకు వేసుకుంటూంటే పట్టుకున్నాను. నేను చేసిన పనీ, అక్కడ జరగబోయేదీ మొత్తం చెప్పేశాను. అతను తమలపాకు నమలడం ఆపేశాడు.

"నాకు కబురెట్టలేదేటి మేస్టారూ?"

"పెట్టొద్దన్నారు. నీ పని పోతుందని."

బాలన్న సన్నాయి పీక తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు చెప్పాడు. నేను ఎనిమిదేళ్ళు తలకాయ కొట్టుకున్న సంగతి, నాలుగు మాటల్లో.

"డెబ్బై నాలుగులో మూఢం, ఆషాఢం కలిపి ఒకేసారి వచ్చిపడ్డాయి మేస్టారూ. మూడు నెలలు డోలు మీద సెయ్యి పడలేదు. ఇంట్లో పొయ్యి ఎలగలేదు. ఈ సన్నాయి అనకాపల్లిలో ఎవులికో అమ్మీడానికి బస్టాండుకెల్లినాను. పంతులుగారు బస్సు మీంచి కట్ట దింపించుకుంటన్నారు. ఎక్కడికిరా అన్నారు, సెప్పినాను. ఇవాళ నాకు మేళం కావాలిరా అన్నారు. మూఢంలో ఎవుల పెళ్ళి బాబూ అన్నాను. ఆ గోనె కట్ట సూపించి, దీని పెళ్ళిరా అన్నారు."

"అదేనా మొదటి మేళం?" అన్నాను.

"ఊరికే ఇస్తే నాను సెయ్యి సాపనని ఆయనకి తెలుసు. ఊరంతా నవ్వింది. నాను కూడా నవ్వినాను, పంతులుగారికి మతి పోనాదని. మళ్ళీ బాద్రపదంలో కబురెట్టినారు, మళ్ళీ పుస్యంలో. అప్పుడు తెలిసింది మాకు, ఆయన మతి సరిగ్గానే ఉందని. నాకూ, సింగన్నకీ తప్ప ఇంకెవులికీ తెలీదు. సెప్పొద్దన్నారు."

వైశాఖంలో వచ్చిన కట్టలు ఆషాఢం దాకా ఎందుకు ఆగేవో, పంచాంగం వద్దన్న రోజునే పసుపు ఎందుకు పడేదో ఇప్పుడు తెలిసింది. అన్ని జబ్బులు తెలిసిన కోళ్ళ పుస్తకం మీద అక్షింతలు వేసిన నాకు ఈ ఒక్కటీ తట్టలేదు. నన్ను నేనే తిట్టుకున్నాను, గట్టిగానే.

బాలన్న లేచి తిన్నగా పెళ్ళికొడుకు తండ్రి లోవరాజు దగ్గరికి వెళ్ళాడు. పెళ్ళివారు తిరిగి వెళ్ళాల్సింది కొయ్యూరు రోడ్డు మీది ఊరికి, దారి నర్సీపట్నం మీదుగానే. మధ్యలో ఒక గంట ఆగుదాం బాబూ అన్నాడు. లోవరాజు ఒప్పుకోలేదు. ఆరు దాటితే వర్జ్యం, ఈలోపు కోడలు గుమ్మంలో అడుగెట్టాలి, బేగి ఎల్లిపోవాలి, దార్లో ఈ పుస్తకాల గొడవేటి అన్నాడు. ఆయన మాటా న్యాయమే. అప్పుడు పెళ్ళికూతురు తల ఎత్తింది. పొద్దుట్నించీ దించిన తల అదే ఎత్తడం.

"ఎవులొచ్చినారండీ నర్సీపట్నం?"

చెప్పాను. ఆ పేరు వినగానే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. టెన్తు దాకా చదువుకుందట, ఆవిడ సీరియళ్ళన్నీ కత్తిరించి దారంతో కుట్టుకుని పుట్టింటి నుంచి తెచ్చుకుంటున్న పెట్టెలో పెట్టిందట. మామగారి వైపు చూసి ఏమీ అడగలేదు, చూసిందంతే. లోవరాజు మీసం సవరించుకున్నాడు.

"కోడలు మొదటిసారి అడిగింది. అరగంటే ఆగుదాం. గంట అంటే మాత్రం ఒప్పుకోను" అన్నాడు.

అక్కడ నర్సీపట్నంలో నాలుగైంది. ఇది నేను తరవాత విన్నది. షాపు ముందు రోడ్డంతా జనం. హైస్కూలు టీచరమ్మ ముందు వరసలో. షోకేసు ఆయన కూడా అనకాపల్లి నుంచి పని గట్టుకుని వచ్చి, మేళం ఏదండీ అని అందరికీ వినపడేలా అడిగాడట. యాజులుగారు లేచి, చేతులు కట్టుకుని, కనకమహాలక్ష్మిగారి ముందు నిలబడి, "అమ్మా, మీకు ఇచ్చిన మాట" అని మొదలుపెట్టారు.

అప్పుడు కోటవురట్ల రోడ్డు వైపు నుంచి డోలు వినిపించింది.

ముందు బాలన్న, సింగన్న నడుస్తూ. వెనక పూలు కట్టిన జీపులో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ. వాళ్ళ వెనక రెండు లారీల నిండా పెళ్ళివారు. లారీ కేబినులో డ్రైవరు పక్కన నేను. అంతకు ముందు కోళ్ళ జబ్బులకీ, భూమి కొలతలకీ వాయించిన బాలన్న ఆ రోజు వాయించినట్టు ఎన్నడూ వాయించలేదు. బజారులో షాపులన్నీ ఖాళీ చేసి జనం వెంటపడ్డారు. బస్సులు ఆగిపోయాయి, కండక్టర్లు దిగి చూస్తున్నారు. యాజులుగారు అలా నిలబడిపోయారు, చేతులు కట్టుకున్నవి కట్టుకున్నట్టే ఉన్నాయి. బాలన్న నేరుగా వచ్చి అరుగు మీద తన చోట్లో కూర్చున్నాడు.

"పని వదిలేసి వచ్చావట్రా?" అన్నారు యాజులుగారు.

"వదల్లేదు బాబూ, ఎంటబెట్టుకొచ్చినాను" అన్నాడు బాలన్న.

కట్ట తాడు రచయిత్రిగారు కొయ్యలేదు. పసుపు బట్టల పెళ్ళికూతురికి కత్తెర ఇచ్చి కోయించింది. మొదటి పుస్తకం మీద సంతకం పెట్టి ఆ పిల్ల చేతికే ఇచ్చింది. పెళ్ళివారి ఆడవాళ్ళు పెళ్ళిలో మిగిలిన అక్షింతలన్నీ కట్ట మీద పోసేశారు. షోకేసు ఆయన పన్నెండు కాపీలు కొన్నాడు, తన షాపుకి ఇంకా రాలేదు మరి. లోవరాజు అరగంట మర్చిపోయి గంట కూర్చుని, తన పేరు పుస్తకంలో ఉందా అని వెతికించాడు. వర్జ్యం రాకముందే వాళ్ళని జీపెక్కించడానికి సింగన్న డోలు చంకలో పెట్టుకుని అందర్నీ తోలాల్సి వచ్చింది.

వెళ్ళే ముందు బాలన్న వెంకటరత్నమ్మగారి ముందుకొచ్చి సన్నాయి ఎత్తాడు.

"అమ్మగారూ, తమ పెళ్ళికి అరపూటే వాయించినారంట కదా. మిగిలిన అరపూట బాకీ ఉండిపోనాది" అని, ఆవిడ కోసం కల్యాణపు పాట అందుకున్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ లోపలికి పారిపోయారు. యాజులుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆ తరవాత ఆవిడ నోట అరపూట మాట నేను వినలేదు.

జనం పల్చబడ్డాక యాజులుగారి పక్కన కూర్చున్నాను. బాలన్న అంతా చెప్పేశాడండీ అన్నాను.

"వాడొట్టి అబద్ధాలకోరు" అన్నారాయన ఖాళీ గోనె మడతపెడుతూ. "మేళం లేకపోతే పుస్తకంలో అక్షరాలు నిద్ర లేవవోయ్. అంతకన్నా ఏం లేదు. ఆషాఢానికి వ్యవసాయం మీద రెండు కట్టలొస్తున్నాయి, శుభలేఖలు టైపు చెయ్యి."

చేశాను. ఈసారి చిరంజీవా, సౌభాగ్యవతా అని వేళాకోళం చేయలేదు. నాలుగు కార్బన్ల చోట ఆరు పెట్టి కొట్టాను.

మరుసటి ఏడాది నా ఇన్‌స్టిట్యూట్‌కి కొత్త తెలుగు మిషను తెప్పించాను. చైత్రంలో వచ్చింది. పెట్టె తాడు విప్పకుండా గోడకి ఆనించి పెట్టాను. పరీక్షలు దగ్గర పడుతున్నాయి మేస్టారూ, విప్పండి అని స్టూడెంట్లు గోల పెట్టారు. విప్పలేదు. వాళ్ళలో ఒకడు పెట్టె మీద పసుపు మరక చూసి, నాక్కూడా కింది పంతులుగారి జబ్బే అంటుకుందని ఊరంతా చెప్పేశాడు. చెప్పుకోనీ. ఆషాఢ పాడ్యమికి బాలన్నకి కబురు పెట్టాను. పూర్తి పూటకి.